తీర్పు కంటే ముందే జైలు

పంజగుట్ట నిమ్స్‌లో 2024 అక్టోబర్ 12న ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా కన్నుమూశారు. మావోయిస్టులతో సంబంధాల కేసులో బాంబే హైకోర్టు ఆయనను నిర్దోషిగా వదిలి అప్పటికి ఏడు నెలలే. ఆయనకు విచారణ అయినా జరిగింది. అసలు విచారణే లేకుండా జైలు చూసినవాళ్ల చరిత్ర తెలుగునాట ఇంకా పాతది.

మద్రాసు ప్రెసిడెన్సీలో విచారణ లేకుండా నిర్బంధించే 1819 నాటి రెగ్యులేషనే అందుకు బాట వేసింది. రాజ్యాంగం వచ్చిన నెల రోజులకే, 1950 ఫిబ్రవరిలో, స్వతంత్ర ప్రభుత్వం ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం చేసింది. తెలంగాణలో అప్పటికి కమ్యూనిస్టుల సాయుధ పోరాటం నడుస్తోంది. ఆ పోరాట నేత పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం 10,000 మందికి పైగా మూడు నాలుగేళ్లు నిర్బంధంలో మగ్గారు. 50,000 మందిని ఎప్పటికప్పుడు పోలీసు, మిలిటరీ క్యాంపులకు ఈడ్చుకుపోయారు. ఈ రెండో అంకె దగ్గర కాసేపు ఆగాలి. తుపాకి పట్టకపోయినా, దళానికి అన్నం పెట్టారనో దారి చూపారనో అనుమానం వస్తే చాలు, క్యాంపు తప్పేది కాదు. ఏజెన్సీలో గూడేలకు గూడేలనే ఖాళీ చేయించారు. దళాలకు తిండి అందకుండా చేయడంలో ఆ ఎత్తు పారింది. ఊరి మనసు మార్చడంలో పారలేదు. 1952లో నల్లగొండ ఓటర్లు ఆ పోరాట నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వేశారు.

శ్రీకాకుళం గిరిజన పోరాటం తర్వాత వంతు కవులది. 1971లో చెరబండరాజు, నిఖిలేశ్వర్, జ్వాలాముఖిలను ప్రివెంటివ్ డిటెన్షన్ (పీడీ) చట్టం కింద పట్టుకుంటే హైకోర్టు విడుదల చేసింది. పద్యాలకు భయపడిన ప్రభుత్వం ఆ పద్యాలకే కొత్త పాఠకులను సంపాదించిపెట్టింది! ఆ ఏడాదే మీసా, 1985లో టాడా, 2002లో పోటా చట్టాలు వచ్చాయి. చట్టం పోయినా అలవాటు పోలేదు.

కాగితమే లేని నిర్బంధం అంతకన్నా ఘోరం. పీడీ ఉత్తర్వు ఉంటే మనిషి ఏ జైల్లో ఉన్నాడో ఇంటివాళ్లకు తెలిసేది. కరీంనగర్, వరంగల్ పల్లెల్లో ‘తీసుకపోయిండ్రు’ అన్న మాట వినపడగానే పౌరహక్కుల సంఘం హైకోర్టుకు పరుగెత్తేది, మర్నాడు ‘ఎన్‌కౌంటర్’ వార్త రాకముందే మనిషిని కోర్టులో చూపించమని.

1986 నాటి రాష్ట్ర పీడీ చట్టం మాత్రం గూండాలు, సారా వ్యాపారుల పేరుతో వచ్చింది. 2018లో తెలంగాణ దాని పరిధిని నకిలీ విత్తనాల నుంచి సైబర్ నేరాల దాకా పెంచింది. ఉద్యోగాలిప్పిస్తానని మోసం చేశాడన్న కేసులో ఒకరిపై ప్రయోగిస్తే 2022లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే పిల్లలకు అలాంటి మోసాలు కొత్తకాదు. వాటికి మామూలు శిక్షాస్మృతి చాలు. 2023లో మరో కేసులో అదే కోర్టు రాష్ట్రం తీరును గట్టిగా తప్పుపట్టింది. ఏడాది దాకా తీర్పు లేకుండా మనిషిని జైల్లో ఉంచే ఆ అధికారాన్ని శాసనసభ ఇకనైనా తిరిగి పరిశీలించాలి.