కడుపుశూలయు మనఃక్లేశమును

తెలుగువారి భాషలో కడుపు అన్నము జీర్ణమగు సంచి మాత్రమే కాదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిది కడుపుకోత, ఓర్వలేనివానిది కడుపుమంట, పరుల తప్పును సైరించువాడు దానిని కడుపులో పెట్టుకొనును, పెద్దలు దీవించునపుడు 'నీ కడుపు చల్లగా' అందురు. ఈ నుడికారములను కల్పించినవారు వైద్యులు కారు. అయినను దుఃఖ క్రోధములు మొదట తాకు చోటు ఏదియో వారెఱిగియుండిరి. మా హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో ఈ మాటలు నేటికిని ఇంటింట వినబడుచున్నవి. కాని ఆ యింటనే కోడలు కడుపునొప్పి యని చెప్పినచో 'ఏమి తింటివి?' అని యడుగువారే గాని, 'ఏమి జరిగినది?' అని యడుగువారు అరుదు. ఈ రెండవ ప్రశ్నకు వైద్యచరిత్రలో నెట్టి స్థానము గలదో చూపుటయే మా యుద్దేశము.

మొదట చీనాదేశమును చూతము. అచ్చట రెండువేల యేండ్లకు పూర్వమే రూపొందిన 'హువాంగ్‌ది నెయిజింగ్' అను వైద్యగ్రంథము చలిగాలులతోపాటు మనోవికారములను గూడ రోగకారణములుగా నెన్నినది. క్రోధము కాలేయమును, ఎడతెగని యాలోచన ప్లీహమును చెఱచునని దాని మతము. కాలేయము వృక్షతత్త్వము, ప్లీహమును అన్నాశయమును భూతత్త్వము. చెట్టు వేళ్లు మితిమీఱి పెరిగినచో నేల బీటలువాఱునట్లు, అణచిపెట్టిన కోపముచే బిగిసిన కాలేయము అన్నాశయముపై దాడి సేయునని తరువాతి వైద్యులు వివరించిరి. నిట్టూర్పులు, త్రేనుపులు, ప్రక్కటెముకల క్రింద బిగింపు, మనసు చెదరినపుడు హెచ్చు నొప్పి, ఇవి దాని గుఱుతులు. ఆ వైద్యులు చెప్పు కాలేయ ప్లీహములు నేటి శరీరశాస్త్రము చూపు అవయవములతో సరిగా సరిపోవు. కాని వారు రోగియందు చూచిన లక్షణములు కల్పితములు కావు. సుంగు వంశపు ప్రభువుల కాలమున ప్రభుత్వమే ప్రకటించిన యౌషధ సంగ్రహమున మనస్తాపముతో గూడిన యిట్టి బాధలకు వాడు చూర్ణ మొకటి గలదు. దాని పేరు 'సియావోయావో'. అనగా నిశ్చింత విహారము. మనమెఱిగిన అతిమధురమును అల్లమును దానిలో చేరును. రోగికి కావలసినదేదో మందు పేరే చెప్పుచున్నది.

ఈ శాస్త్రమునకు కఠినమైన పరీక్ష 1232వ సంవత్సరమున వచ్చినది. మంగోలుల ముట్టడి తొలగిన పిమ్మట కైఫెంగు నగరమున జనులు కుప్పలుగా మరణించిరి. పండ్రెండు ద్వారములనుండి, ఒక్కొక్క ద్వారమున దినమునకు వేయి మొదలు రెండువేల వఱకు శవములు వెడలినవని ఆ నగరమున నుండిన లీ డోంగ్యువాన్ (1180–1251) అను వైద్యుడు వ్రాసియున్నాడు. తోడివైద్యులు దానిని బయటినుండి సోకిన చలి యనుకొని చెమట పట్టించు మందులను, విరేచనములను ఇచ్చిరి. ఆకలి, అలసట, భయము వీనిచే జీర్ణశక్తి నశించినవారికి ఆ చికిత్సయే మృత్యువైనదని లీ వాదము. 1249లో ముగించిన 'పీ వెయి లున్' అను గ్రంథమున ఆయన ప్లీహమును అన్నాశయమును బలపఱచుటయే వైద్యమునకు మూలమని స్థాపించెను.

ఇక మన దేశము. మితముగా తిన్న పథ్యాన్నమైనను చింత, శోకము, భయము, క్రోధము గలవానికి జీర్ణము గాదని చరకసంహిత విమానస్థానము చెప్పుచున్నది. ఈర్ష్యాభయక్రోధములతో తిన్న యన్నము సరిగా పరిణమింపదని సుశ్రుతుడును చెప్పెను. భయమువలనను శోకమువలనను గలుగు అతిసారమునకు చరకుడు వాతహర చికిత్సతోపాటు హర్షణమును, ఆశ్వాసనమును విధించెను. అనగా రోగిని సంతోషపెట్టుట, ఊఱడించుట. ఇవి చుట్టపుచూపుగా వచ్చినవారి మర్యాదలు కావు. చికిత్సాస్థానమున వ్రాయబడిన చికిత్సలు. తెలుగు సీమలో వైద్యులకు ఆధారగ్రంథమైన 'బసవరాజీయము'ను రచించిన కొట్టూరు బసవరాజు సంస్కృత శ్లోకములకు తెలుగు పద్యములను జోడించి, ఈ శాస్త్రమును పల్లె వైద్యునికి అందునట్లు చేసెను.

శూలను గూర్చి వివరముగా వ్రాసినవాడు మాధవనిదాన కర్త. ఆయన పిత్తశూలకు కారము పులుపులతోపాటు క్రోధమును కారణముగా జెప్పెను. చింతపండు వర్తకమునకు పేరొందిన హిందూపురమువారు మొదటి దానిని సులభముగా నమ్ముదురు. రెండవ దానిని మఱతురు. వాతశూలకు ఆయన చెప్పిన కారణములలో శోకము, ఉపవాసము, జాగరణము అను మూడును గలవు.

చదువరులారా, ఈ మూడు మాటలను మఱల చదువుడు. మన పూర్వాచారము అనేక కుటుంబములలో భర్తను గోల్పోయిన స్త్రీకి విధించిన దినచర్య యిదియే గదా! శోకము సరేసరి, ఒంటిపూట భోజనము, ఏకాదశీ ఉపవాసము, వ్రతదినములందు జాగరణము. శాస్త్రము రోగకారణములుగా లెక్కించినవానినే ఆచారము ధర్మముగా నామెపై మోపినది. ఆమె శూలతో మెలికలు తిరుగుచున్నపుడు ఆ యింటివారు పూర్వజన్మ పాపమనిరి. మాధవుని పుస్తకము విప్పి చూచినవారు లేరు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు జరిపించిన మొదటి వితంతు వివాహమును మనము ధర్మోద్ధరణమని కొనియాడుచున్నాము. అది వైద్యసమ్మతము గూడనని చెప్పుట అతిశయోక్తి కాజాలదు.

అయితే శోకమను మాటను సర్వత్ర వాడుట మఱియొక యన్యాయము. 1876–78 నాటి దారుణమైన కఱవున ఈ మూడు తాలూకాలును బళ్లారి జిల్లాలోనివి. అనంతపురము జిల్లా యేర్పడుట 1882లోనే. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కఱవు పనులలోని కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములును, ఒక అణాయును చాలునని నిర్ణయించెను. మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ అది ప్రాణము నిలుపజాలదని పోరాడెను. నాటి కడుపునొప్పికి మందు ఊఱడింపు కాదు, అన్నము. ఆకలిగొన్నవానికి మనోవ్యాధి యని పేరుపెట్టుట క్రౌర్యము.

పాశ్చాత్యులు ఇదే విషయమును కన్నులార చూచిరి. 1822లో తుపాకి దెబ్బచే కడుపునకు మానని రంధ్రమేర్పడిన యొక రోగిని బ్యూమాంట్ అను అమెరికా వైద్యుడు ఏండ్ల తరబడి పరిశీలించి, కోపము జీర్ణక్రియను చెఱచుటను 1833లో ప్రకటించెను. పిల్లి కలతచెందిన క్షణముననే దాని అన్నాశయ చలనము నిలిచిపోవుటను కేనన్ పండితుడు ఎక్స్‌కిరణములతో చూచెను. కాని 1982లో ఆస్ట్రేలియా వైద్యులు మార్షల్, వారెన్ అన్నాశయమునందలి సూక్ష్మజీవి నొకదానిని పెంచి చూపిరి. 2005లో వారికి నోబెల్ బహుమానము లభించినది. కేవలము దిగులువలన వచ్చినవని లోకమనుకొన్న పుండ్లలో అనేకములు దానివలననే పుట్టునవి. తగిన మందుచే మానునవి. కావున నల్లని విరేచనము, రక్తపు వాంతి, కారణము లేక చిక్కిపోవుట, మ్రింగుటకు కష్టము గలిగినపుడు ఆలస్యము సేయక వైద్యశాలకు పోవలెను. వాతలు పెట్టుట, దిష్టి తీయుట కాలహరణమే. అతిమధురమైనను మితిమీఱిన రక్తపుపోటును పెంచును.

ఈ చరిత్రయంతయు తేల్చునది యొక్కటే: కడుపునొప్పికి రెండు ప్రశ్నలు గలవు, ఒకదానిని వైద్యుడడుగును, రెండవదానిని ఇంటివారడుగవలెను. ధర్మవరమున పట్టునూలు ధర పెరిగి, చీరకు గిట్టుబాటు లేక, అప్పుల భారమున నేతగాండ్రు ప్రాణములు తీసికొన్న వార్తలు పలుమాఱు వచ్చినవి. గుంటమగ్గమున వంగి కూర్చుండు ఆ మనుష్యుని కడుపులో మంటకు అజీర్ణపు మాత్ర యొక్కటియే చాలునా? అందఱు తిన్న పిమ్మట మిగిలినది తిను ఇల్లాలి నొప్పికి వాము కషాయము చాలునా?

'కడుపు చించుకొన్న కాళ్లమీద పడును' అని మనకొక సామెత గలదు. ఇంటి గుట్టు బయటపెట్టరాదని చెప్పుటకు పుట్టిన యీ మాట, మన స్త్రీలకు బాధను మ్రింగుటయే మర్యాద యని నేర్పినది. మ్రింగిన బాధ జీర్ణము గాదని చరకుడును చీనా వైద్యుడును ఏకవాక్యముగా జెప్పిరి. నేటి రాత్రి మీ యింట నెవరేని కడుపు పట్టుకొని కూర్చున్నచో, తినినదేదియో యడిగి మందు ఇండు; పిమ్మట తలుపు దగ్గఱగా వేసి, ప్రక్కన కూర్చుండి, జరిగినదేదియో యడుగుడు. చెప్పువఱకు లేవకుడు.