దైనందిన ఒత్తిళ్లు, మానసిక ఆరోగ్యం: చెన్నై అనుభవం

జీవితంలో మామూలుగా ఎదురయ్యే ఒత్తిళ్లను తట్టుకుంటూ, తన పని తాను చేసుకుంటూ, నలుగురిలో ఒకడిగా బతకగలగడమే మానసిక ఆరోగ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పరీక్షలు, అప్పులు, ఉద్యోగం పోతుందన్న బెంగ, ఇంట్లో పెద్దల జబ్బు, ఇంట్లోకి వచ్చే వరద నీరు ఆ శక్తిని ఎప్పటికప్పుడు కరిగిస్తూ ఉంటాయి. వీటిని ఎదుర్కోవడం ఎవరి గుండె నిబ్బరాన్ని బట్టి వారికి ఉంటుందన్నది మన ఇళ్లలో పాతుకుపోయిన నమ్మకం. చెన్నై నగరంలో నాలుగు దశాబ్దాలుగా జరిగిన కృషిని పరిశీలిస్తే మరో సంగతి తేలుతుంది. క్రమం తప్పని పలకరింపు, కష్టాన్ని తేలిక చేసే ఏర్పాట్లు ఉన్నచోట ఆ నిబ్బరం నిలుస్తుంది. కాబట్టి మానసిక ఆరోగ్యాన్ని కాపాడే బాధ్యతను బాధపడే మనిషి ఒక్కడి మీదే వదిలేయకూడదు.

ఆసుపత్రి నుంచి ఇంటి గడపకు

మద్రాసులో 1794లో ఈస్టిండియా కంపెనీ హయాంలో మొదలైన మానసిక రోగుల శరణాలయం 1871లో కీల్పాక్‌కు మారింది. నేటి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థకు మూలం అదే. చాలాకాలం అది రోగిని ఇంటికీ ఊరికీ దూరంగా ఉంచే చోటుగానే సాగింది. 1961 నుంచి 1978 దాకా అక్కడ సూపరింటెండెంటుగా ఉన్న డాక్టర్ ఎం. శారదా మీనన్ ఔట్‌పేషెంట్ విభాగాన్ని నెలకొల్పారు. దానితో రోగులు ఇంట్లో ఉంటూనే వచ్చి చూపించుకునే వీలు కలిగింది. 1984లో ఆమె స్థాపించిన స్కార్ఫ్ సంస్థ స్కిజోఫ్రీనియా ఉన్నవారి చికిత్స, పునరావాసం, పరిశోధన చేపట్టింది. 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ ప్రారంభించిన స్నేహలో శిక్షణ పొందిన వాలంటీర్లు బాధలో ఉన్నవారి మాట వింటారు. మానసిక వ్యాధితో వీధినపడిన స్త్రీల కోసం 1993లో ది బాన్యన్ మొదలైంది. ఇలా సాయం ఆసుపత్రి గోడలు దాటి, మనిషి ఉన్నచోటికి వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టింది.

ఆధారాలు ఏం చెబుతున్నాయి

ఈ మార్పు వెనుక మంచి మనసు మాత్రమే ఉందనుకుంటే పొరపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల్లో జరిపిన ఒక అధ్యయనానికి చెన్నై కూడా ఒక కేంద్రం. ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రికి చేరిన 1,867 మందిని అందులో రెండు బృందాలు చేశారు. ఒక బృందానికి మామూలు వైద్యమే అందింది. రెండో బృందంలో ఒక్కొక్కరితో అదనంగా ఓ గంట కూర్చుని మాట్లాడారు. ఆ తర్వాత 1, 2, 4, 7, 11 వారాలకు, 4, 6, 12, 18 నెలలకు ఫోన్ చేసో ఇంటికి వెళ్లో ఎలా ఉన్నారని కనుక్కున్నారు. మొత్తం తొమ్మిదిసార్లు. 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఏడాదిన్నరలో ఆత్మహత్య వల్ల చనిపోయినవారు మొదటి బృందంలో 2.2 శాతం, రెండో బృందంలో 0.2 శాతం. తర్వాత ఇతర చోట్ల జరిగిన ఇలాంటి ప్రయత్నాలన్నిటిలోనూ ఇంత స్పష్టమైన తేడా రాలేదు. అయినా, తేదీ ప్రకారం తప్పకుండా అందే పలకరింపు ప్రాణం నిలపగలదని చెప్పడానికి ఇది బలమైన ఆధారం. 2004 డిసెంబరు సునామీలో అయినవారిని పోగొట్టుకున్న తీరప్రాంతవాసుల మీద చెన్నైలో జరిగిన అధ్యయనమూ ఇదే దిశగా సాగింది. శిక్షణ పొందిన వాలంటీర్ల తోడు దొరికినవారిలో ఏడాది తర్వాత కుంగుబాటు తక్కువగా కనిపించింది.

పలకరింపు ఎంత అవసరమో, కష్టానికి కారణమైన ఏర్పాటును సరిచేయడమూ అంతే అవసరం. పదో తరగతిలోనో ప్లస్ టూలోనో తప్పిన పిల్లవాడు ఒకప్పుడు నెలల తరబడి ‘ఫెయిలయినవాడు’ అన్న మాట మోయవలసి వచ్చేది. ఫలితాలు వచ్చిన కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ పరీక్ష పెట్టాలని లక్ష్మీ విజయకుమార్ వంటివారు కోరారు, తమిళనాడులో అది అమల్లోకి వచ్చింది. ధైర్యంగా ఉండమని వందసార్లు చెప్పడం కన్నా, మరో అవకాశం ఫలానా తేదీన ఉందని చెప్పగలగడం ఆ పిల్లవాడికి ఎక్కువ ఊరట.

అభ్యంతరాలు, సమాధానాలు

మాటలతో అప్పు తీరదు, ఉద్యోగం రాదు అన్న అభ్యంతరంలో నిజం ఉంది. అయితే కుంగుబాటు ముదిరిన మనిషికి దొరికే దారి కూడా కనిపించదు. బ్యాంకుకు వెళ్లి గడువు అడగడానికీ, కొత్త ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడానికీ ముందు మనసు కాస్త కుదుటపడాలి. ఉమ్మడి కుటుంబం ఇవన్నీ చూసుకునేది కదా అన్నది మరో వాదన. కుటుంబం పెద్ద అండే, కాదనలేం. కానీ పెళ్లి సంబంధాలు చెడతాయని, నలుగురూ ఏమనుకుంటారోనని జబ్బును దాచేదీ చాలాసార్లు ఆ కుటుంబమే. ఇంట్లో చెప్పుకోలేని సంగతి వినడానికి బయటి మనిషి కావాలి. ఇక వాలంటీర్లు వైద్యులకు సాటి వస్తారా అంటే, రారు, రావాలని ఎవరూ కోరడం లేదు. స్కిజోఫ్రీనియాకు, తీవ్రమైన కుంగుబాటుకు మందులూ మనోవైద్యులూ అవసరం. అయితే 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు, వివిధ రుగ్మతల్లో 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఇంత దూరాన్ని డాక్టర్లు మాత్రమే పూడ్చలేరు. ముందుగా గమనించి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లే చేతులు చాలా కావాలి.

నేటి ఆచరణ

రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, పని మీద ధ్యాస సన్నగిల్లితే డాక్టరును కలవడం మంచిది. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు కాబట్టి చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఇది అందుబాటులో ఉంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి సంరక్షణ ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్దేశించింది. చట్టమూ ఫోన్ నంబరూ మనిషికి దారి చూపుతాయి. ఆ దారిలో తోడు నడవాల్సింది ఇంటివాళ్లు, పక్కింటివాళ్లు, టీచర్లు, ఆఫీసులో పక్క సీటువాళ్లు. ‘ఎలా ఉన్నావు’ అని అడిగి, జవాబు పూర్తిగా విని, వచ్చేవారం మళ్లీ అడగడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. తప్పకుండా మళ్లీ అడగడమే ముఖ్యం.