మన పుస్తకానికి గ్రంథాలయంలో చోటు

గూడేల నుంచి హైదరాబాద్ వచ్చే మనకు అమీర్‌పేట, పంజాగుట్ట కొత్త కావు. జబ్బు ముదిరితే పంజాగుట్ట నిమ్స్‌కు వస్తాం. డిగ్రీ అయిన పిల్లల్ని కోచింగ్ కోసం అమీర్‌పేట హాస్టళ్లలో దించి వెళ్తాం. మేము మాత్రం ఒకసారి పుస్తకం పట్టుకుని వచ్చాం.

మేమంటే కొంతమంది ఆదివాసీ టీచర్లం. పెద్దలు చెప్పిన వలస కథలు, పండుగలు, పోయిన భూముల సంగతులు ఏళ్ల తరబడి నోట్‌బుక్కుల్లో రాసుకున్నాం. అందులోంచి 64 పేజీలు తయారయ్యాయి. ప్రెస్సులో వేయించే డబ్బు లేదు. మైత్రీవనం దగ్గర జిరాక్స్ షాపుల్లో తక్కువలో అవుతుందని అక్కడ చదువుకునే మా ఊరి పిల్లవాడు చెప్పాడు. షాపతను కాగితాలు తిరగేసి, "ఇది ఏ కోర్సు మెటీరియల్ సార్?" అని అడిగాడు. "మా ఊళ్ల చరిత్ర" అన్నాం. ఇంకేమీ అడగకుండా 50 కాపీలు తీసి స్పైరల్ బైండింగ్ చేసి ఇచ్చాడు.

రెండు కాపీలు ఒక గ్రంథాలయానికి తీసుకెళ్లాం. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు. కానీ ఐఎస్‌బీఎన్ లేదు, ప్రచురణకర్త పేరు లేదు, కొనుగోలు జాబితాలో లేదు, రిజిస్టర్‌లో ఎలా ఎక్కించాలి అన్నారు. తిరిగి వచ్చేశాం. ఇప్పుడు మా దగ్గర మూడు కాపీలు మిగిలాయి. వాటిలో అక్షరం వెలిసిపోతోంది. ఆ కథలు చెప్పిన పెద్దల్లో ఇద్దరు లేరు.

గ్రంథాలయానికీ పుస్తకం వేసేవాళ్లకూ ఈ ఎడం మొదటి నుంచీ ఉన్నది కాదు. ఇదే హైదరాబాద్‌లో 1901 సెప్టెంబర్ 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో మొదలైంది. దాని వెనుక ఉన్న కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారే 1906లో మిత్రులతో కలిసి విజ్ఞానచంద్రికా మండలి పెట్టారు. ముందుగా చందాదారులను చేర్చుకుని, ఆ డబ్బుతో చరిత్ర, విజ్ఞాన శాస్త్రం పుస్తకాలు తెలుగులో వేశారు. అంటే చదివించిన చేతులే అచ్చు కూడా వేయించాయి.

తెలంగాణలో కవులే లేరన్న మాట వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారు వాదనకు దిగలేదు. ఊరూరా రాతలు సేకరించి, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి గారు సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టారు. హోటల్లో సర్వర్‌గా పనిచేసిన మనిషి ఆయన. తాను వేసిన పుస్తకాలను తానే మోసుకుని ఇంటింటికీ తిరిగి అమ్మారు. ఇవాళ మనం చేయాలనుకుంటున్న పని అదే.

మన విషయానికొస్తే, 1943లో హైమన్‌డార్ఫ్ గారి చొరవతో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన పాత రాతప్రతుల వల్ల గోండులకు సొంత లిపి ఉన్నదని లోకానికి తెలిసింది. 2018లో ఆ లిపి యూనికోడ్‌లో చేరింది. ఆ కాగితాలు ఇన్నాళ్లు నిలిచింది గ్రంథాలయాల దయవల్ల కాదు, ఊరివాళ్లు దాచుకోవడం వల్ల. దాచుకోలేని ఊళ్ల సంగతి ఏమిటి? మన గురించి బయటివాళ్లు రాసినవి అల్మారాల్లో ఉంటాయి, మనం రాసినవి ఉండవు. రేపు పరిశోధన చేసే పిల్లవాడు అల్మారాలో దొరికిందే చరిత్ర అనుకుంటాడు.

గ్రంథాలయాన్ని అడగడం మనకు నామోషీ కానక్కర్లేదు. ఆస్తి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. మన ఇంటి పన్నులోనూ ఆ పైసలున్నాయి. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వేసినవారు ఒక్కొక్క ప్రతిని కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబై, ఢిల్లీలలోని మరో మూడు గ్రంథాలయాలకూ 30 రోజుల్లో పంపాలి. ఆ నాలుగింటిలో హైదరాబాద్ లేదు. అందుకే ఇక్కడి గ్రంథాలయాలు తమంతట తాము పూనుకోవాలి.

చేయవలసినవి పెద్ద ఖర్చు పనులు కావు. జిల్లాలో, నగరంలో సొంతంగా వేసుకున్న పుస్తకాలకు ఒక అల్మారా పెట్టాలి. ప్రతి పుస్తకం రెండు కాపీలు కొనాలి. ఒకటి చదవడానికి, ఒకటి భద్రంగా ఉంచడానికి. స్పైరల్ బైండింగ్ అయినా రిజిస్టర్‌లో ఎక్కించి, స్కాన్ చేసి ఉంచాలి. నెలకొక ఆదివారం ఆవిష్కరణకు హాలు ఇవ్వాలి. ఐఎస్‌బీఎన్‌కు దరఖాస్తు ఎలా పెట్టాలో చూపించాలి. రాజా రామ్మోహన్ రాయ్ పేరున్న జాతీయ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది, రచయిత తన సొంత పేరుతోనే తీసుకోవచ్చు. ఈ సంగతి ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే మేము కాపీలతో తిరిగి వచ్చేవాళ్లం కాదు.

మన వంతు కూడా ఉంది. టీచర్లు రాసినదానికి ఊరి పేరు, చెప్పినవారి పేరు, తేదీ తప్పక వేయాలి. వేసే ముందు చెప్పినవారికి చదివి వినిపించి, ఒప్పుకున్నదే అచ్చుకివ్వాలి. అమీర్‌పేటలో కోచింగ్‌లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పటికే పరీక్షల కోసం గ్రంథాలయాల్లో రోజంతా కూర్చుంటున్నారు. వెళ్లినప్పుడు మన పుస్తకం ఉందా అని ఒక్కసారి కౌంటర్ దగ్గర అడగండి. పదిమంది అడిగితే అది పదిమంది పాఠకుల డిమాండ్ అవుతుంది.

మిగిలిన మూడు కాపీల్లో ఒకదాన్ని మళ్లీ టైపు చేస్తున్నాం. ఈసారి ఐఎస్‌బీఎన్ తీసుకుని, అదే గ్రంథాలయానికి రెండు కాపీలు పట్టుకెళ్తాం. రిజిస్టర్‌లో నంబర్ పడేదాకా అక్కడే కూర్చుంటాం.