పాత ఇంజనుకు మళ్ళీ నిప్పు



మా నందికొట్కూరుకు రైలు లేదు. వెనకటి రోజుల్లోనూ లేదు, ఇప్పుడూ లేదు. కర్నూలు జిల్లాలో ఉన్న మా ఊరు 2022లో నంద్యాల జిల్లాలోకి మారింది గానీ రైలు మాత్రం రాలేదు. రైలెక్కాలంటే బస్సులో కర్నూలుకో నంద్యాలకో పోవాల్సిందే. అలాంటి ఊరిదాన్ని రైలింజను గురించి మాట్లాడతానంటే మా ఇంట్లోవాళ్ళే నవ్వారు. పట్టాల సంగతి నాకు తెలియకపోవచ్చు. కానీ నిప్పు గురించి, నీళ్ళ గురించి, ఆవిరి గురించి ఆడవాళ్ళకు ఒకరు చెప్పాలా? పొగబండి అంటే ఈ మూడే కదా!

చిన్నప్పుడు వేసవి సెలవులకు మా చిన్నమ్మ వాళ్ళ ఊరు కంభం వెళ్ళేవాళ్ళం. నంద్యాలలో మీటరుగేజి బండి ఎక్కితే గాజులపల్లె దాటాక నల్లమల మొదలయ్యేది. బొగద సొరంగం వస్తోందనగానే "కిటికీలు మూయండి, కిటికీలు మూయండి" అని పెట్టెంతా కేకలు. ఎంత మూసినా పొగ లోపలికి వచ్చేది. కంభంలో దిగేసరికి తెల్ల జాకెట్టు బూడిదరంగుకు తిరిగేది, కంట్లో బొగ్గునలుసు పడి ఏడుస్తుంటే మా జేజి కొంగు కొసను నోటి ఆవిరితో వెచ్చచేసి అద్దేది. ఆ దారిలోనే లోయ మీద దొరబావి వంతెన ఉండేది. కిందికి చూడొద్దని పెద్దవాళ్ళు చెబితే కిందికే చూసేవాళ్ళం. 1990లలో పెద్ద గేజి వేసినప్పుడు లైను పక్కకు మళ్ళించారు, ఆ వంతెన మీద రైళ్ళు ఆగిపోయాయి. అప్పటి ఇంజన్లేమయ్యాయి? దేశంలో ఉన్న వేల బొగ్గు ఇంజన్లలో కొన్నింటిని స్టేషన్ల ముందు దిమ్మెలెక్కించారు. చాలా మటుకు తుక్కు కింద పోయాయి.

పోకుండా మిగిలిన ఒక ఇంజను కథ ఈ రోజు చెబుతాను. దాని పేరు ఫెయిరీ క్వీన్. మన భాషలో దేవకన్యల రాణి అనుకోండి. మా వైపు ఎప్పుడూ నడవలేదు, బెంగాల్లో నడిచింది. నేను దాన్ని చూసింది 1984లో, ఎల్‌టీసీ మీద మేం ఢిల్లీ వెళ్ళినప్పుడు, చాణక్యపురిలోని రైలు మ్యూజియంలో. పిల్లలు బొమ్మరైలు ఎక్కుతామని పరుగెత్తారు. నేను దీని ముందు నిలబడిపోయాను. ఎందుకంటే అది అచ్చం మా స్నానాలగదిలో ఉన్న రాగి బాయిలరులా ఉంది!

నవ్వకండి. రాగి బాయిలరు వాడినవాళ్ళకు నేను చెప్పేది సులువుగా అర్థమవుతుంది. బాయిలరు మధ్యలో ఒక గొట్టం ఉంటుంది. అందులో బొగ్గులో చెక్కపేళ్ళో వేసి మండిస్తాం. చుట్టూ నీళ్ళుంటాయి. నిప్పు లోపల, నీళ్ళు బయట. రైలింజను కడుపు కూడా అంతే. కాకపోతే దాన్ని పడుకోబెట్టారు, ఒక్క గొట్టం బదులు ఎన్నో సన్నగొట్టాలు పెట్టారు. ఒక కొసన పొయ్యి, ఇంకో కొసన పొగగొట్టం. మంట వేడి ఆ గొట్టాల్లోంచి పోతూ చుట్టూ ఉన్న నీళ్ళను మరిగిస్తుంది. పుట్టిన ఆవిరిని బయటికి పోనివ్వకుండా బిగించి, సిలిండరులోకి వదిలితే అది లోపలి కడ్డీని ముందుకూ వెనక్కూ తోస్తుంది, చక్రం తిరుగుతుంది.

ఇక ఛుక్ ఛుక్ అని చప్పుడెందుకో తెలుసా? పని అయిపోయిన ఆవిరిని వృథాగా వదలరు. పొగగొట్టంలోంచి పైకి చిమ్మిస్తారు. అది ఎగిరేటప్పుడు వెంట పొగనీ గాలినీ లాక్కుపోతుంది, దాంతో పొయ్యిలో మంట రాజుకుంటుంది. మనం ఊదుగొట్టంతో చేసే పనే! తేడా ఏమిటంటే మనం బయటినుంచి ఊదుతాం, అది పైనుంచి పీలుస్తుంది. బండి జోరుగా పోయేకొద్దీ మంట కూడా జోరవుతుంది. ఇంకో ముచ్చట. మన ప్రెషర్ కుక్కరు మూతకు చిన్న సేఫ్టీ ప్లగ్గు ఉంటుంది కదా, నీళ్ళు ఇగిరిపోతే కరిగి ఆవిరిని వదిలేసేది? రైలింజను పొయ్యి కప్పులో కూడా సీసం పోసిన అలాంటి బిరడాలుంటాయి. నీళ్ళు తగ్గితే సీసం కరిగి, ఆవిరి పొయ్యిలోకి చిమ్మి ప్రమాదాన్ని తెలుపుతుంది. కుక్కరు మనకు కొత్తగా వచ్చిందిగానీ ఆ ఉపాయం పాతదే.

ఫెయిరీ క్వీన్ పుట్టిల్లు ఇంగ్లండులోని లీడ్స్ పట్టణం. కిట్సన్, థాంప్సన్ అండ్ హెవిట్‌సన్ అనే కంపెనీ 1855లో చేసింది. ఆ సంవత్సరమే ఓడలో కలకత్తా చేరింది. ఈస్టిండియన్ రైల్వే కంపెనీ వాళ్ళు దీనికి 22 అని నంబరు వేశారు. పేరు పెట్టడానికి నలభై ఏళ్ళు పట్టింది, 1895లో గానీ పెట్టలేదు! అంతవరకూ ఉత్త 22. బరువు 26 టన్నులు. నీళ్ళ తొట్టి వెనకాల వేరే బండిలో కాకుండా ఇంజను పొట్టకిందే ఉంటుంది, మూడు వేల లీటర్లు పడతాయి. మొత్తం ఆరు చక్రాలు. ముందో చిన్న జత, వెనకో చిన్న జత, మధ్యలో ఆరడుగుల ఎత్తున పెద్ద జత. లాగే పనంతా ఆ మధ్య జతదే. గంటకు 40 కిలోమీటర్ల వేగం. ఇప్పుడు మనకు తక్కువేగానీ, ఎడ్లబండి తప్ప ఎరగని జనానికి అది ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. మన కడప దారిన మద్రాసు రైల్వే రావడానికి ఇంకా పదేళ్ళు పైగా ఉంది అప్పటికి.

హౌరా నుంచి రాణిగంజ్ దాకా టపా బండ్లు లాగడం దీని తొలి ఉద్యోగం. రాణిగంజ్ అంటే బొగ్గుగనులు. రైలు తినేదీ బొగ్గే, తెచ్చేదీ బొగ్గే. రెండేళ్ళు తిరక్కుండానే 1857 తిరుగుబాటు వచ్చింది. అప్పుడీ ఇంజను సిపాయిలను అణచడానికి వెళ్ళే దొరల పటాలాలను మోసింది. ముద్దుగా రాణి అని పిలుచుకుంటాంగానీ ఈ సంగతి దాచకూడదు. మన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీదికి 1846లో వచ్చిన కంపెనీ సేనలు ఎండలో నడిచి రావాల్సి వచ్చింది. పదకొండేళ్ళకు బెంగాల్లో అదే కంపెనీ పటాలం రైల్లో కూర్చుని పోయింది. ఇంజనుకు తెలియదు పాపం తను ఎవరిని మోస్తున్నదీ. తెలిసినవాళ్ళం మనం.

రైలు చేసిన మేలు, కీడు మా సీమవాళ్ళకు ఇంకోలా తెలుసు. 1876లో మొదలై 1878 దాకా పీడించిన ధాత కరువు గురించి మా జేజి వాళ్ళ జేజి దగ్గర విన్న కథలు చెప్పేది. గుత్తి దారిలో రైలు స్టేషన్లకు ధాన్యం మూటలు వచ్చి పడేవి. అక్కడినుంచి లోపలి ఊళ్ళకు తోలడానికి ఎద్దులేవి? మేత లేక అవి అప్పటికే చచ్చిపోతున్నాయి. ధాన్యం స్టేషనులో, జనం ఊళ్ళో! ఆ కరువు తర్వాతనే బళ్ళారి వైపునుంచి కృష్ణ దాకా, నంద్యాల మీదుగా నల్లమల చీల్చుకుంటూ మీటరుగేజి లైను వేశారు. నేను చిన్నప్పుడు ఎక్కిన దారి అదే. మా తాలూకాకు మాత్రం అప్పుడూ అందలేదనుకోండి.

మళ్ళీ మన రాణి దగ్గరికి వద్దాం. టపా పనికి పెద్ద ఇంజన్లు వచ్చాక దీన్ని బీహారులో కొత్త లైన్లు వేసేచోట పనికి పెట్టారు. అక్కడ 1909 దాకా చేసింది. యాభైనాలుగేళ్ళ సర్వీసు! ఏ గుమాస్తా చేయగలడు అంత? తర్వాత తుక్కుకు వేయకుండా హౌరా స్టేషను బయట దిమ్మె మీద నిలబెట్టారు. ముప్ఫైనాలుగేళ్ళు ఎండకూ వానకూ అక్కడే. 1943లో ఉత్తరప్రదేశ్‌లోని చందౌసికి తీసుకుపోయి, రైల్వే శిక్షణ పాఠశాలలో విద్యార్థులు చూడ్డానికి పెట్టారు. మరో ఇరవైతొమ్మిదేళ్ళు బళ్ళోనే గడిచిపోయాయి.

1972లో దీన్ని జాతీయ సంపదగా గుర్తించారు. చిత్రమేమంటే, మన దేశంలో కొత్త బొగ్గు ఇంజన్ల తయారీ ఆగిపోయింది కూడా ఆ సంవత్సరమే, చిత్తరంజన్ కార్ఖానాలో. చేయడం మానేశాక గానీ దాచుకోవాలని తోచలేదు మనకు! ఢిల్లీ రైలు మ్యూజియం 1977లో తెరిచాక ఇది అక్కడ ముఖ్యమైన చోటు సంపాదించుకుంది. నేను చూసింది అక్కడే. రంగు వేసి, తుడిచి, ముట్టుకోవద్దని రాసి పెట్టారు. చల్లగా ఉంది. ఇంజను చల్లగా ఉండటం నాకెందుకో బాగా అనిపించలేదు.

ఆ చల్లదనాన్ని వదిలించినవాళ్ళు తర్వాత బయల్దేరారు. 1997 జులై 18న ఫెయిరీ క్వీన్ పొయ్యిలో నిప్పు వేసి, మెయిన్ లైను మీద నడిపించారు. ఎనభైఎనిమిదేళ్ళ తర్వాత! అదే ఏడాది నుంచి ఢిల్లీ కంటోన్మెంటు నుంచి రాజస్థాన్‌లోని అళ్వార్ దాకా యాత్రికులను తీసుకుపోయే బండి లాగింది. ప్రపంచంలో క్రమం తప్పకుండా నడుస్తున్న ఆవిరి ఇంజన్లన్నిటిలోకీ పాతదని 1998లో గిన్నిస్ వాళ్ళు ధ్రువపత్రం ఇచ్చారు. 1999లో జాతీయ పర్యాటక పురస్కారం కూడా వచ్చింది.

వినడానికి ఎంత బాగుందో చేయడం అంత కష్టం. పాత బాయిలరులో నిప్పు వేయడమంటే మాటలు కాదు. మా నందికొట్కూరు బావినీళ్ళు కాచే కాగు చూశారా? ఆర్నెల్లకల్లా అడుగున సున్నపు పెచ్చు కడుతుంది. చింతపండు వేసి తోమితే గానీ రాదు. పెచ్చు మందమయ్యేకొద్దీ పుల్లలు ఎక్కువ కాలుతాయి, నీళ్ళు మాత్రం ఆలస్యంగా కాగుతాయి. ఇంజను కడుపులోనూ అదే జబ్బు. పెచ్చు కడితే ఇనుముకు నీళ్ళ చల్లదనం అందదు, కాలి బలహీనమవుతుంది, చివరికి పేలుతుంది. అందుకే నీళ్ళు చూసుకోవాలి, కడుపు కడుగుతుండాలి, గొట్టాలు మార్చుతుండాలి. చల్లారిన ఇంజనులో మళ్ళీ ఆవిరి పుట్టాలంటే గంటల తరబడి మెల్లగా మంట పెంచాలి. తొందరపడి ఒక్కసారి మంట వేస్తే కీళ్ళు వదులవుతాయి. ఇదంతా పుస్తకంలో చదివి వచ్చే విద్య కాదు. 1995 డిసెంబరులో పెద్ద గేజి మీద బొగ్గు ఇంజన్లు సెలవు తీసుకున్నాక, ఆ చేతివాటం తెలిసిన ఫైర్‌మన్లు, ఫిట్టర్లు కూడా ఒక్కొక్కరే రిటైరవుతూ వచ్చారు. ఇంజనును దాచవచ్చు, వాళ్ళ చేతుల్ని ఎక్కడ దాస్తాం?

అంత కష్టపడి నడిపిస్తున్నదాన్ని 2011లో దొంగలు కొల్లగొట్టారు. విలువైన భాగాలు పీక్కుపోయారు. ఇత్తడి, రాగి అంటే వాళ్ళ కళ్ళకు కిలోల లెక్క. ఎక్కడ దొరుకుతాయి మళ్ళీ అవి? లీడ్స్‌కు ఉత్తరం రాస్తే పంపించే వస్తువులా? ఇంజనును మద్రాసు పక్కన పెరంబూరు లోకో వర్క్స్‌కు తీసుకుపోయారు. అక్కడి పనివాళ్ళు పోయిన భాగాలను ఒక్కొక్కటే కొత్తగా చేశారు. వాళ్ళకిది కొత్త కాదు. ఫెయిరీ క్వీన్‌తోపాటు 1855లోనే లీడ్స్‌లో చేసిన ఎక్స్‌ప్రెస్ అనే 21 నంబరు ఇంజనును బాగుచేసి 2010 ఆగస్టు 15న నడిపించింది ఆ కార్ఖానావాళ్ళే. 2012 చివరికి మన రాణి కూడా లేచి నిలబడింది.

"ఇన్ని మార్చాక అది పాత ఇంజనెలా అవుతుంది?" అని మావారు వాదించారు. నేను ఒప్పుకోలేదు. మా అత్త రాగి కాగుకు అడుగు రెండుసార్లు మాటు వేయించింది, చెవులు మార్పించింది. అయినా ఆమె పోయేదాకా అది మా అత్త పుట్టింటి కాగే. దాంట్లో నీళ్ళు కాగుతున్నంతకాలం ఎవరూ వేరే మాట అనలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి మీ దగ్గర. ఆ కాగు ఉందిగానీ, మా రాగి బాయిలరు లేదు. గీజరు బిగించిన ఏడాది పాతసామాన్లవాడికి తూకానికి వేసేశాను. వాడు మా ముందే సుత్తితో అణగ్గొట్టి గోనెసంచిలో వేసుకున్నాడు. మా అత్త వసారాలో కూర్చుని చూసింది, ఏమీ అనలేదు. ఆ సాయంత్రం కాఫీ వద్దంది. మ్యూజియంలో ఇంజను ముందు నిలబడిననాడు అది మా ఇంట్లోనే ఉంది. తర్వాత అమ్మింది నేనే.

ఫెయిరీ క్వీన్ 2017 ఫిబ్రవరి 11న ఢిల్లీ కంటోన్మెంటు నుంచి హర్యానాలోని రేవారీకి మళ్ళీ యాత్రికులతో బయల్దేరింది. రేవారీలో 1893లో కట్టిన ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉంది, దాన్ని బాగుచేసి మ్యూజియంగా మార్చారు. ఢిల్లీ వైపు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే ఒక పూట అటు కూడా పోయిరండి. తెల్లచీర మాత్రం కట్టుకోకండి.

సెలవు.