కేతకీ సాక్ష్యం: ఉద్దానం తీరపు మొగలి పరిమళ చరిత్ర

పంచభూతాలలో పృథివికి గంధమే విశేషగుణమని వైశేషిక దర్శనం నిర్ణయించింది. 17వ శతాబ్దికి చెందిన ఆంధ్రుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో పృథివీ లక్షణాన్ని గంధంతోనే నిర్వచించి, ఆ గంధాన్ని సురభి, అసురభి అని రెండు విధాలుగా విభజించాడు. ఈ సిద్ధాంతం ప్రకారం జలానికి స్వతస్సిద్ధమైన వాసన లేదు, వాయువుకూ లేదు. పన్నీటిలో మనకు తోచే పరిమళం నీటిది కాదు, నీటిలో చేరిన పార్థివాంశానిది. గాలి దానికి వాహకం మాత్రమే. భగవద్గీత 15వ అధ్యాయంలోని 8వ శ్లోకం జీవుని దేహాంతర గమనానికి ఈ దృష్టాంతాన్నే స్వీకరించింది. వాయువు గంధాలను వాటి ఆశయాల నుండి గ్రహించుకొని పోయినట్లే, జీవుడు మనస్సునూ ఇంద్రియాలనూ వెంట తీసుకొని పోతాడని ఆ శ్లోకార్థం.

గంధం ప్రయాణిస్తుంది, దాని ఆశ్రయమైన భూమి నిలిచి ఉంటుంది. ఈ రెండింటి సంబంధం తెగిపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు ఆంధ్రదేశపు ఈశాన్య సీమలోని ఒక పుష్పచరిత్ర సమాధానం చెబుతుంది.

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి దాటి ఉత్తరంగా సాగితే పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాలు వరుసగా వస్తాయి. పడమట మహేంద్రగిరి శ్రేణి, తూర్పున సముద్రం. ఈ నడిమి ఇసుక నేలకే ఉద్దానమని పేరు. ఉద్యానవనమన్న మాటే ఉద్దానమైందని స్థానికుల విశ్వాసం. కొబ్బరి, జీడిమామిడి, పనస ఇక్కడి ప్రధాన వృక్షసంపద. పలాస పేరు దేశమంతటా జీడిపప్పుతో ముడిపడి ఉంది. ఆ తోటల కంచెల వెంట, గెడ్డల గట్ల మీద, తీరపు ఇసుక దిబ్బల మీద మొగలి పొదలు పెరుగుతాయి. సంస్కృతంలో కేతకి, ఒడియాలో కియా, హిందీలో కేవడా అనేది ఈ మొగలినే. దీనిలో స్త్రీ, పురుష వృక్షాలు వేరువేరు. ఘుమఘుమలాడే పొత్తు పురుషవృక్షానికే పుడుతుంది. మనం మొగలిరేకులని పిలిచేవి నిజానికి పూరేకులు కావు, పుష్పగుచ్ఛాన్ని కప్పి ఉంచే లేతపసుపు పొరలు. తెలుగు స్త్రీలు తరతరాలుగా వాటిని జడలో కుట్టుకున్నారు, పట్టుచీరల మడతల్లో దాచుకున్నారు. శివుని శిరస్సు మీద మాత్రం ఎవరూ ఉంచలేదు.

దానికి కారణాన్ని శివపురాణంలోని విద్యేశ్వర సంహిత చెబుతుంది. బ్రహ్మవిష్ణువులు ఆధిక్యం కోసం వివాదపడుతున్న వేళ ఆద్యంతాలు లేని జ్యోతిస్తంభం వారి నడుమ ఆవిర్భవించింది. విష్ణువు మూలాన్ని వెదకి, కానలేక, ఆ సత్యాన్ని అంగీకరించాడు. అగ్రభాగాన్ని చూడని బ్రహ్మ చూశానన్నాడు. పైనుండి జారిపడుతున్న కేతకీ పుష్పం ఆయన పక్షాన సాక్ష్యం పలికింది. ఆ కూటసాక్ష్యానికి శిక్షగా పరమశివుడు దానిని తన పూజకు అనర్హం చేశాడు. పిదప అది శరణువేడగా కరుణించి, తన భక్తులు ధరించవచ్చుననీ, తనపై వితానరూపంగా నిలువవచ్చుననీ అనుగ్రహించాడు. ఇందులో ఒక సూక్ష్మం గ్రహించదగినది. దేవుడు శిక్షించింది పరిమళాన్ని కాదు, అసత్యాన్ని. పువ్వు వాసన అలాగే మిగిలింది. అది ఎక్కడి నుండి వచ్చిందో, ఏమి చూసిందో చెప్పడంలో తప్పిన మాటకే దండన పడింది.

భారతీయ గంధశాస్త్రం కూడా ఈ యథార్థతనే తన నియమంగా చేసుకొన్నది. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి ఒక అధ్యాయాన్నే కేటాయించాడు. 16 ద్రవ్యాల నుండి నాలుగేసి ఎన్నుకుంటే 1,820 సమ్మేళనాలు ఏర్పడతాయనీ, భాగప్రమాణాలను మార్చుతూ పోతే వాటి సంఖ్య 1,74,720కి చేరుతుందనీ ఆయన లెక్కగట్టాడు. అంత విస్తారమైన గణితంలోనూ ప్రతి ద్రవ్యానికీ తన పేరు, తన భాగం ఉంటాయి. ఏదీ మరొకదాని వేషం వేయదు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో రాజభోగాలను వర్ణిస్తూ గంధానికి స్థానమిచ్చాడు. గంగాధరుని గంధసారం సుగంధ నిర్మాణానికే అంకితమైన గ్రంథం.

తెలుగుదేశంలో ఈ విద్యకు ప్రసిద్ధ పోషకుడు అవచి తిప్పయశెట్టి. 14వ శతాబ్ది చివర కొండవీటి ప్రభువు కుమారగిరిరెడ్డి వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలను సమకూర్చిన వణిక్ప్రముఖుడతడు. శ్రీనాథుడు హరవిలాసాన్ని అతనికే అంకితమిచ్చాడు. పంజారపు కర్పూరం, గోవ సంకుమదం, భోటదేశపు కస్తూరి అతని వర్తకంలో ఉండేవని ఆ కావ్యం వల్ల తెలుస్తుంది. ఆ జాబితాలో ప్రతి ద్రవ్యమూ తన దేశనామంతోనే పలకడం గమనార్హం. ద్రవ్యం ఎంత దూరం ప్రయాణించినా పుట్టినచోటు పేరు దానిని విడువలేదు. వర్తకుని ప్రతిష్ఠ ఆ పేరు నిజం కావడం మీదనే నిలిచింది.

ఉద్దానపు మొగలికి ఈ భాగ్యం దక్కలేదు. కన్యాకుబ్జం, అంటే నేటి కనౌజ్, ఉత్తరభారతంలో అత్తరు విద్యకు కేంద్రం. అక్కడి గంధికులు మొగలిని వెదుకుతూ గంజాం తీరానికి చేరి, తమ పరికరాలను ఇక్కడే నెలకొల్పారు. ఆ విధానం నేటికీ పెద్దగా మారలేదు. వానకాలంలో పొత్తులు విరివిగా వస్తాయి. తెల్లవారుజామున, వాసన చెదరకముందే, ముళ్ల ఆకుల నడుమ నుండి వాటిని కోస్తారు. దేగ్ అనే పెద్ద రాగిపాత్రలో వెయ్యి పొత్తుల దాకా నింపి, నీరు పోసి, మూతను బంకమట్టితో బిగిస్తారు. కింద కట్టెల మంట. మూత నుండి వెదురు గొట్టం గుండా ఆవిరి భప్కా అనే మరొక పాత్రలోకి దిగుతుంది. అది చల్లని నీటిలో మునిగి ఉంటుంది. ఆ పాత్రలో ముందుగానే చందన తైలం పోసి ఉంచితే, మొగలి గంధం అందులో లీనమై అత్తరవుతుంది. ఏ తైలమూ లేకుండా లభించే శుద్ధసారం రూహ్. ఆ మాటకు ఆత్మ అని అర్థం. మిగిలే సుగంధజలం మిఠాయిలకూ వంటకాలకూ పోతుంది.

తార్కికుల దృష్టిలో ఇది పాకక్రియ. పృథివిలోని రూప, రస, గంధ, స్పర్శలు అగ్నిసంయోగం వల్ల మారుతాయనీ, అందుచేత అవి పాకజాలనీ వారు చెప్పారు. ఆ మార్పు పరమాణువులలో జరుగుతుందని వైశేషికులు, అవయవి అంతటా జరుగుతుందని నైయాయికులు వాదించారు. దేగ్ ముందు కూర్చున్న కార్మికుడు ఈ వాదాన్ని ఎరుగకపోవచ్చు. కానీ మంట ఒక పాలు ఎక్కువైతే గంధం మాడుతుందనీ, తక్కువైతే ఆవిరిలోకి రాదనీ అతని చేతికి తెలుసు. శాస్త్రం ఊహించిన పాకాన్ని అతడు నిత్యం అనుభవిస్తున్నాడు.

ఇక పేరు సంగతి. బ్రిటిషు పాలనలో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోనే టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాలు ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గంజాం అటు చేరింది. తెలుగు ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా అవతరించింది. సరిహద్దు గీత మనుషుల దస్తావేజులను విభజించింది, మొగలి పొదలను విభజించలేదు. బట్టీలూ వర్తకమూ అత్యధికంగా బరంపురం, ఛత్రపురం పరిసరాల్లో స్థిరపడగా, ఉద్దానపు ఉత్తరభాగంలో కోసిన పొత్తులు అటే సాగిపోయాయి. గంజాం కేవడా పుష్పానికీ, దాని రూహ్‌కూ భౌగోళిక గుర్తింపు లభించింది. అది న్యాయమే, ఆ విద్యను అక్కడివారు కష్టపడి నిలుపుకొన్నారు. ఒకప్పుడు అదే గంజాం అయిన ఈ దక్షిణ తీరం మాత్రం పరిమళాన్ని ఇచ్చి పేరుకు దూరమైంది.

పేరు పోవడం కంటె పెద్ద నష్టం మరొకటి ఉంది. మొగలి సారంలో ప్రధానాంశం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే రసాయనం. దానిని కర్మాగారంలో చౌకగా తయారుచేయవచ్చు. బజారులో కేవడా పేరుతో అమ్మే జలాలలో అనేకం పువ్వును చూడనివే. అత్తరులోనూ చందన తైలం ధర పెరిగాక దాని స్థానంలో ద్రవ పారాఫిన్ వంటివి వచ్చి చేరాయి. సీసా మీద కేతకి బొమ్మ ఉంటుంది. లోపల కేతకి ఉండదు. పురాణకథలో చూడనిదానిని చూశానన్న బ్రహ్మకు పువ్వు సాక్ష్యమిచ్చింది. ఇక్కడ అదే పువ్వు పేరును తనలో లేనిదానికి సాక్ష్యంగా నిలబెడుతున్నారు. నిజమైన సారంలోనూ కొంత భాగం పాన్ మసాలాకూ, జర్దాకూ పోతున్నది. వాసన సురభి, అది చేరిన పొగాకు ప్రాణహరం.

గీత 7వ అధ్యాయం 9వ శ్లోకంలో భగవానుడు భూమిలోని పుణ్యగంధం తానేనన్నాడు. శంకర భగవత్పాదులు దానికి వ్రాసిన భాష్యం ఇక్కడ స్మరణీయం. గంధానికి పుణ్యత్వం స్వభావసిద్ధం. అపుణ్యత్వం సంసారుల అవిద్యాధర్మాల వల్ల, ఇతర భూతసంసర్గం వల్ల ఏర్పడుతుందని వారు వివరించారు. మొగలి విషయంలో ఇది అక్షరసత్యం. దోషం పువ్వుది కాదు, దానిని చేర్చిన చోటుది.

ఆశ్రయమైన భూమికీ ఆపద వచ్చింది. 2018 అక్టోబరు 11 వేకువజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. దశాబ్దాల కొబ్బరి, జీడిమామిడి చెట్లు ఒక్క రాత్రిలో కూలిపోయాయి. మొగలి వేళ్లు ఇసుకను పట్టి ఉంచుతాయి, పొదలు గాలి వేగాన్ని తగ్గిస్తాయి. అయినా కంచెకు ఇనుప తీగ వచ్చినచోట, దిబ్బను చదును చేసినచోట మొదట పోయేది మొగలి పొదే. చెట్టుకు నష్టపరిహారపు లెక్క ఉంటుంది. పొదకు లెక్క లేదు.

ఇటీవల మన దేశంలో స్వతంత్ర సుగంధకారులు కొందరు కృత్రిమ రసాయనాలను విడిచి, పుష్పమూలాల నుండి తీసిన పరిమళాలనే కూర్చుతున్నారు. అట్టి వారెవరైనా తమ తొలి పరిమళానికి మొగలిని ఎన్నుకుంటే, వారి ముందున్న ధర్మం వరాహమిహిరుని నాటిదే: ద్రవ్యం ఏది, భాగం ఎంత, నేల ఎక్కడిది అన్నవి దాచకుండా చెప్పడం. సహజమన్న ఒక్క మాట చాలదు. పొద పెరిగిన ఊరి పేరు, కోసినవారికి దక్కిన వెల కూడా ఆ సహజత్వంలో భాగాలే.

పంచోపచార పూజలో మొదటిది గంధసమర్పణ; అది పృథివీతత్త్వాన్ని భగవంతునికి అర్పించడానికి సంకేతం. టెక్కలి సమీపంలోని రావివలసలో ఎండల మల్లికార్జునుడు పైకప్పు లేకుండా వెలసి ఉన్నాడు. కేతకికి వితానంగా దొరికిన స్థానం కూడా ఆయన సన్నిధిలో లేదు. అయినా సముద్రపు గాలి ఉద్దానపు నేల మీదుగానే వీస్తుంది. అది ఏ నేల వాసనను మోస్తే ఆ వాసననే ప్రకటిస్తుంది, కల్పించదు. సాధకుడు భగవంతునికి అర్పించే గంధానికీ, నోటితో పలికే మాటకూ ఉండవలసిన లక్షణం ఈ యథార్థతే.