నగరం ద్వీపంలో మురుగు: కాలువల చరిత్రలో రాయని అధ్యాయం

మామిడికుదురు ప్రాంతాన్ని పందొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల రికార్డులు ‘నగరం ద్వీపం’లో భాగంగా పేర్కొన్నాయి. తూర్పున వైనతేయ, పడమర వసిష్ఠ, దక్షిణాన బంగాళాఖాతం ఉన్న నేలను ద్వీపమనక మరేమనాలి? ఆ పేరు తెచ్చిన నగరం నేడు మామిడికుదురు మండలంలో ఒక గ్రామం. మురుగునీటి వల్ల ద్వీపదేశాల తీరజలాలు చెడిపోతున్న తీరుపై ప్రపంచమంతటా చర్చ సాగుతున్నది. ఆ చర్చలోని ప్రశ్నలను ఈ నదీద్వీపానికి వేసి చూడడం ఈ వ్యాస ఉద్దేశం.

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాణం 1847లో మొదలై 1852లో ముగిసింది. గోదావరి నీటిని వైనతేయ దాటించి ఈ ద్వీపానికి తెచ్చినది గన్నవరం అక్విడెక్టు. కాటన్ అనుచరుడు హెయిగ్ 49 ఖానాలతో దీనిని కట్టించాడు. డెల్టా నీటి వ్యవస్థకు మూలసూత్రం ఒక్కటే: మెరక మీద కాలువ, పల్లంలో మురుగు కోడు. కాలువ నీరు తెస్తుంది, కోడు తీసుకుపోతుంది. భూగర్భజలం చాలాచోట్ల ఉప్పగా ఉండే ఈ సీమలో సాగునీటి కాలువే తాగునీటి వనరు కూడా అయింది. ఒకే గట్టున బిందె ముంచడం, బట్టలుతకడం, పశువులను కడగడం జరిగేవి. కాటన్‌ను దైవసమానునిగా కొలిచే మన రచనలు కాలువను గురించి విస్తారంగా చెప్పాయి. కోడును గురించి చెప్పినవి తక్కువ.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ‘మురుగు’ అనే మాటకు డెల్టా రైతు భాషలో మొదటి అర్థం పొలంలో నిలిచిన వాననీరు. ప్రభుత్వ భాషలోనూ అంతే. 1960ల నాటి మిత్రా కమిటీకి గాని, 1968 నాటి కృష్ణా, గోదావరి డెల్టా డ్రెయినేజి సెస్సు చట్టానికి గాని ప్రధానమైన చింత వరి ముంపు. మానవ వ్యర్థాలు ఆ లెక్కలోకి రాలేదు. నాటికి గ్రామాలలో అవి నీటితో కలిసి పారేవి కావు. నీళ్లు పోసే మరుగుదొడ్లు, సెప్టిక్ ట్యాంకులు వ్యాపించాక పరిస్థితి మారింది. కొద్ది అడుగుల లోతున నీరు తగిలే నేలలో గుంత వడపోత సరిగా జరగదు. పొంగినది పక్క కాలువకో, కోడుకో చేరుతుంది. వాననీటి కోసం తవ్విన కోడుకు చెరువుల సాగు వ్యర్థజలం కూడా తోడైంది. సముద్రపు పోటు వేళ ఇదంతా వెనక్కి తన్నుతుంది.

మారిషస్‌తో పోలిక అసందర్భం కాదు. అక్కడి తెలుగువారికి ‘కోరింగీలు’ అనే పేరు గౌతమి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుండి వచ్చింది. ఆ దేశం మురుగునీటి నిర్వహణ సంస్థకై చట్టం చేసినది 2000లో. నేటికీ అక్కడ అధిక సంఖ్యాక గృహాలకు గుంతలే ఆధారం. లావా రాతి పగుళ్ల గుండా ఊరిన నీరు తీరపు మడుగులకు చేరి, నత్రజని, భాస్వరాలతో నాచును పెంచి పగడపు దిబ్బలను దెబ్బతీస్తుంది. కోనసీమలో పగడాలు లేవు; ఒండ్రు, మడ అడవులు ఉన్నాయి. నేల వేరైనా, సముద్రం అన్నిటినీ కడిగేస్తుందనే ధీమా మాత్రం రెండుచోట్లా ఒక్కటే.

ఈ మండలపు కాలుష్య స్మృతి వేరే సంఘటనల చుట్టూ అల్లుకుంది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో ఎగసిన మంట రెండు నెలలు దాటి మండింది. 2014 జూన్ 27న నగరంలో గ్యాస్ గొట్టం పేలి ఇరవై మందికి పైగా మరణించారు. అవి తేదీ గల విపత్తులు. పత్రికలు, విచారణలు వాటిని భద్రపరచాయి. మురుగుకు తేదీ లేదు. అందువల్లనే అది చరిత్రకారుని చేతికి చిక్కలేదని నా అభిప్రాయం.

అయినా ఆధారాలు పూర్తిగా లేకపోలేదు. కాలువలు ఏటా వేసవిలో కట్టివేస్తారు. అంతకు ముందే ఊరి మంచినీటి చెరువులు నింపుకోవాలి. తిరిగి వదిలిన తొలినీరు కాలువ అడుగున పేరుకున్నదంతా మోసుకొస్తుంది. కట్టివేత, విడుదల తేదీలు నీటిపారుదల శాఖ దస్త్రాలలో వెతకవలసినవి. మద్రాసు ప్రెసిడెన్సీ శానిటరీ కమిషనర్ వార్షిక నివేదికలలో కలరా మరణాల లెక్కలు ఉన్నాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, ముందుగా శివారు గ్రామాల వరకైనా చదవవలసి ఉంది.