మదరాసు నుండి జూబిలీ హిల్స్‌కు: గాలి బరువు కథ

తెలుగు చిత్రపరిశ్రమ మదరాసును విడిచి హైదరాబాదుకు తరలివచ్చిన చరిత్రను పలువురు వ్రాశారు. 1976లో అన్నపూర్ణ స్టూడియో, 1989లో రామానాయుడు స్టూడియో ఈ బండరాళ్ళ నడుమ వెలిశాయి. ఆ తరలింపులో ఎవరి లెక్కకూ రాని సంగతి ఒకటుంది. సముద్రతీరాన కోడంబాకంలో మోసిన గాలి బరువులో ఇంచుమించు పదిహేనవ వంతును వారు అక్కడే దించి వచ్చారు.

గాలికి బరువున్నదని 1643లో ఇటలీలో టారిసెల్లీ పాదరసపు గొట్టంతో చూపాడు. ఎత్తుకు పోయినకొద్దీ ఆ బరువు తగ్గాలి కదా అన్నది పాస్కల్ ఊహ. ఆయన కోరికపై 1648 సెప్టెంబరు 19న ఆయన బావగారు పెరియే ఫ్రాన్సులోని పుయ్ ద డోమ్ కొండనెక్కాడు. సుమారు 1000 మీటర్లు ఎక్కేసరికి పాదరసం ఇంచుమించు 8 సెంటీమీటర్లు దిగింది. క్రింద ఊరిలో ఒక క్రైస్తవ సన్న్యాసి కనిపెట్టుకొని ఉన్న మరొక గొట్టంలో మాత్రం రోజంతా మార్పు లేదు. ఆ రెండవ గొట్టం ఉండబట్టే తగ్గుదలకు కారణం ఎత్తేనని తేలింది.

ఆ పరికరాన్ని మనవారు ‘భారమితి’ అన్నారు. ‘మితి’, గ్రీకు ‘మెట్రాన్’ జ్ఞాతులే. ‘బారోస్’కు చుట్టం మాత్రం, వినికిడికి దగ్గరగా ఉన్న ‘భారం’ కాక, ‘గురు’ శబ్దం కావడం విశేషం.

జూబిలీ హిల్స్, ఫిల్మ్‌నగర్ సముద్రమట్టానికి 600 మీటర్లకు అటూ ఇటూగా ఉన్నాయి. మదరాసులో 760 మిల్లీమీటర్ల చెంత నిలిచే పాదరసం ఇక్కడ 710 చెంత ఆగుతుంది. మిల్లీబార్లలో చెప్పాలంటే 1013కు బదులు సుమారు 945.

దివిసీమను ఎరిగినవారికి ఈ అంకె ఒళ్ళు జలదరింపజేస్తుంది. 1977 నవంబరు 19న ఉప్పెనతో వేలాదిమందిని బలిగొన్న ఆ తుపాను కేంద్రంలో పీడనం ఇంచుమించు ఇంతే. మరి జూబిలీ హిల్స్‌లో చెట్టు ఆకైనా కదలదేమి? ఒకే మట్టంలో ఉన్న ఇరుగుపొరుగు చోట్ల పీడనాల మధ్య తేడా ఉంటేనే గాలి ఉరుకుతుంది. నాడు సముద్రంపై కొద్ది వందల కిలోమీటర్లలోనే అంత తేడా ఏర్పడింది. ఇక్కడ తగ్గినది ఎత్తు వలన తగ్గినదే.

అందుచేతనే వాతావరణశాఖవారు ప్రతి ఊరి కొలతకూ ఆ ఊరి ఎత్తుకు తగిన గాలి బరువును కలిపి, సముద్రమట్టానికి సరిచేసి పటం గీస్తారు. అలా చేయకుంటే పటంలో హైదరాబాదు ఏడాది పొడుగునా తుపానుగా కనబడుతుంది. బంగాళాఖాతంలో నిజంగా పుట్టిన వాయుగుండాన్ని పోల్చుకోవడం కష్టమవుతుంది. హైదరాబాదులో పీడనం 1010 అని ఎక్కడైనా చదివినప్పుడు, అది ఇలా సరిచేసిన అంకె అని చదువరులు గ్రహింతురు గాక.